అత్తద్దం చూపిన పక్క

పసుపు, మొదటి రోజు

ఈ పుస్తకం నేను ముచ్చటపడి మొదలుపెట్టింది కాదు. తలుపు మీద పసుపు దీపం వెలిగిన ప్రతి మనిషీ రోజుకో పేజీ మనసులో మాట రాసి తీరాలని ఆరోగ్య కార్యాలయం ఉత్తర్వు. దీని పేరు ఊరట పుస్తకం. ప్రతి పేజీలోనూ ఆశ, ధైర్యం, కృతజ్ఞత అనే మూడు మాటలు ఉండాలి. మనుషులెవరూ చదవరు. సాయంత్రం పేజీని యంత్రం ముందు పెడితే అది ఆ మూడు మాటలూ వెతుక్కుని నక్షత్రాలు వేస్తుంది. ఆశ, ధైర్యం, కృతజ్ఞత. ఇవాల్టికి ఆ పని అయిపోయింది. ఇక అసలు సంగతి.

పొద్దున ఆరుంపావుకి పళ్లు తోముకుంటుంటే మా స్నానాల గది అద్దం టింగుమంది. సర్కారు వారు దానికి నిత్య నిరీక్షణ దర్పణం అని పేరు పెట్టారు. సముద్రం మీద తేలే మా ఊళ్లో, అంటే ఏడో తెప్ప మీద, ఆ పేరు పలికిన వాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. పొద్దున్నే ఎదురుగా నిలబెట్టి ఎగాదిగా చూసి మనలో లోపాలు ఎంచుతుంది కాబట్టి అందరూ దాన్ని అత్తద్దం అంటారు. అది నాతో ఏమందంటే, "మీ రొమ్ములో గమనించదగ్గ అంశం ఒకటి కనబడింది. కంగారు పడవద్దు. నలభై ఒక శాతం."

ఆ వెంటనే తలుపు మీద పసుపు దీపం వెలిగింది. దేనికి నలభై ఒక శాతమో చెప్పలేదు. ఎటు పక్కో కూడా చెప్పలేదు. చెబితే ఆడవాళ్లు నొక్కి నొక్కి చూసుకుని లేని నొప్పి తెచ్చుకుంటారని పై వాళ్ల భయం. అందుకని బొమ్మ కాగితం మీద అచ్చై, కవరులో సీలు పడి, తిన్నగా కార్యాలయానికి పోతుంది. నా ఒంట్లో ఏముందో కవరుకి తెలుసు, నాకు తెలియకూడదు.

అద్దం చెడిపోయి ఉంటుందిలే అని ఇంకొకరైతే సర్దుకునేవారు. ఈ తెప్ప మీది మూడు వందల పన్నెండు అత్తద్దాలకీ మెకానిక్‌ని నేనే. ఇరవై రెండేళ్ల నుంచి ఉప్పుగాలి తినేసిన వెనక పూత గీకి, కొత్త పూత వేసి, సరిచూసి సంతకం పెడుతున్నాను. మా ఇంటి దానికి పోయిన నెలే వేశాను. కాబట్టి అది అబద్ధం చెబుతోందని అనుకునే అదృష్టం కూడా నాకు లేదు.

పసుపు, రెండో రోజు

మా తెప్ప మీద ఒక ఆచారం ఉంది. ఎవరి తలుపు మీద పసుపు దీపం వెలిగినా ఇరుగుపొరుగు వాళ్లు ధైర్యం గిన్నె తెస్తారు. గిన్నెలో నాచు పాయసం ఉంటుంది. ఆ గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదు. అంటే గుండెలో బండరాయి పెట్టుకున్న మనిషి పొయ్యి ముందు నిలబడి, ఊరి వాళ్లందరికీ వండి పంపాలి. ఈ ఆచారం కనిపెట్టిన మహానుభావుడికి పసుపు దీపం ఎన్నడూ వెలిగి ఉండదు. సాయంత్రానికి ఇరవై ఆరు గిన్నెలు చేరాయి.

ఎదురింటి దమయంతి అందరికంటే ముందొచ్చింది. మనిషి మంచిదే. మాటే ముందు పుట్టి ఆలోచన తర్వాత పుడుతుంది.

"వదినా, మా పిన్నత్తగారిక్కూడా ఇలాగే పసుపొచ్చిందమ్మా. పాపం, ఎంత మంచావిడో."

"ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగాను.

ఆమె గిన్నె వైపు చూసింది. "పాయసం చల్లారిపోద్ది వదినా, తినెయ్."

మా ఆయన కొండబాబు ఉప్పునీళ్లని మంచినీళ్లుగా మార్చే డ్రమ్ముల దగ్గర పని చేస్తాడు. పొద్దుట్నుంచీ నాకేసి చూడకుండా, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ తుడుస్తున్నాడు. మధ్యమధ్యలో "నీకేం కాదే" అంటాడు. లెక్కపెట్టాను, పదకొండు సార్లన్నాడు. పన్నెండోసారి సగంలో ఆపి, తుడిచే గుడ్డతోనే బయటికి వెళ్లిపోయాడు. నాకు భయంగా ఉంది. ఈ మాటకి యంత్రం నక్షత్రం ఇవ్వదని తెలుసు. ఆశ, ధైర్యం, కృతజ్ఞత.

పసుపు, నాలుగో రోజు

ఆరోగ్య కార్యాలయానికి వెళ్లాను. అక్కడ గుమాస్తా ఫణీంద్ర అనే కుర్రాడు. కుర్రాడంటే ముప్పై అయిదేళ్లుంటాయి. బొట్టు, ఇస్త్రీ చొక్కా, ఎదుటి వాడి ప్రాణం పోతున్నా చెక్కుచెదరని మర్యాద.

"మేడమ్, పసుపంటే ఎరుపు కాదు కదండీ."

"పచ్చ కూడా కాదు కదా బాబూ."

"కాదండి. అందుకేనండి పసుపంటారు."

ఇంత విజ్ఞానం ఒక్కసారి భరించలేక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అద్దం నీడని మాత్రమే చూస్తుంది. ఆ నీడ మంచిదో చెడ్డదో తేలాలంటే, సన్నటి సూదితో అక్కణ్ణించి కాస్త లాగి, గాజు పలక మీద పరిచి చూడాలి. సముద్రం మీద ఊళ్లు కట్టుకున్న కాలంలో కూడా దీనికి ఇంకో దారి దొరకలేదు. సూది వేసే యంత్రం పెద్ద తెప్ప మీద ఉండాలి. దాని సంగతేమిటని అడిగాను.

"అది రిపేర్లో ఉందండి. రెండేళ్లయిందండి. ఒక పార్టు రావాలండి."

"ఏ పార్టు?"

"సూదండి."

"ఇంకో సూది పెట్టకూడదా?"

"ఆ కంపెనీ సూదే పడుద్దండి దానికి. ఆర్నెల్లాగి అద్దం ముందు మళ్లీ నిలబడండి మేడమ్. అప్పటికి తగ్గితే పచ్చండి, పెరిగితే ఎరుపండి."

ఆర్నెల్లాగడంలో ఉన్న చిక్కేమిటో అతనికీ తెలుసు. కోసి తీసేసే వైద్యం చేసే ఓడ పెద్ద తెప్ప రేవులో ఆగి ఉంది. ఇంకో ఇరవై రోజుల్లో వెళ్లిపోతుంది. మళ్లీ రావడం ఏడాదికి. ఎర్ర దీపం ఉన్న వాళ్లనే ఎక్కించుకుంటారు. పసుపు వాళ్లు గట్టున నిలబడి చేతులూపవచ్చు.

"సూది పని తెలిసిన మనిషి ఎవరైనా వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చండి, రూల్లో ఉందండి. పలక తెచ్చిస్తే మన యంత్రం నాలుగు రోజుల్లో చదివేత్తదండి. కానీ మనుషులెవరున్నారండి?" అంటూ పాత జాబితా తెరిచాడు. చాలాసేపు కిందికి జరిపాడు. అందులో ఒక్క పేరుకే ఎదురుగా చనిపోయినట్టు గుర్తు లేదు. సుభద్రాయమ్మ, ఎనభై ఒక్కేళ్లు, మూడో తెప్ప. పూర్వం ఆసుపత్రిలో సూది నమూనాలు తీసిన ఆవిడ. ఇప్పుడు చేపల పెంపకంలో ఉన్నారు.

పసుపు, ఏడో రోజు

మూడో తెప్పకి బల్లకట్టు రెండు రోజులకొకసారి. దిగేసరికి చేపల కంపు ఎదురొచ్చి పలకరించింది. సుభద్రాయమ్మగారు ఒక తొట్టి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. తొట్టిలో లవంగ నూనె కలిపిన నీళ్లు. అందులో మత్తుగా పడి ఉన్న తల్లి పండుగప్ప ఒకటి, నా తొడంత ఉంది. ఆవిడ దాని పొట్టలోకి సన్నటి గొట్టం దూర్చి, నాలుగు గుడ్లు లాగి, పలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూసి "ఇంకో వారం" అన్నారు. చేప పురుడు సంగతి.

నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కోలేదు, నా వైపు తిరగలేదు.

"మనిషికి సూది వేసి ఇరవై మూడేళ్లయిందమ్మాయ్. అద్దాలొస్తున్నాయని మా అందరికీ దండలేసి ఇంటికి పంపారు. ఇప్పుడు నన్నెందుకు లేపుతున్నారు?"

"నన్నెవరూ పంపలేదండి. నేనే వచ్చాను."

"చేతులు వణుకుతాయి నాకు."

"ఇప్పుడు వణకలేదు కదండీ."

"అది చేప. తప్పు జరిగితే పులుసు పెడతారు." అని ఆవిడ అప్పుడు నన్ను పూర్తిగా చూశారు. నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. అద్దం ముందు ఏడవలేదు, కొండబాబు ముందు ఏడవలేదు, మత్తులో ఉన్న పండుగప్ప ముందు ఏడ్చాను. సుభద్రాయమ్మగారు లేచి, చేతులు కడుక్కుని, నా చేతి గాజులు సరిచేస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, "ఎల్లుండి కవరు పట్టుకుని రా" అన్నారు.

పసుపు, తొమ్మిదో రోజు

ఫణీంద్ర కవరు ఇచ్చాడు. మీద "రోగికి చూపరాదు" అని ముద్ర. రోగి చేతికే ఇచ్చి. నేను నిజాయితీగా విప్పకుండా తీసుకెళ్లాను. నా జీవితంలో ఇంత పనికిమాలిన నిజాయితీ ఇంకోటి లేదు.

చేపల తూకం బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచారు. సీలు తీయని సూదులు బోలెడున్నాయి, చేపపిల్లలకి టీకాలు వేసేవి. చేపల కడుపు చూసే స్కాన్ పలక కూడా ఉంది. నాకు మత్తేమిటని అడిగితే, "వాటికైతే లవంగ నూనె. నీకు ఐసు ముక్క" అన్నారు.

ఆవిడ కవరు చించి, కాగితం నాకు కనబడకుండా తన ముందు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకున్నారు. "ఎదురుగా కూర్చున్న మనిషిలా చూసుకోవాలి. మా పాత ఫిల్ములన్నీ అంతే. చుక్క బొమ్మకి ఎడమ పక్కనుంది, అంటే నీకు కుడి." నేను వింటూనే ఉన్నాను. తల కూడా ఊపాను. అప్పుడు నా బుర్రలో ఉన్నది సూది ఒక్కటే.

ఐసు పెట్టారు. స్కాన్ పలక కుడి రొమ్ము మీద జరిపారు. ఒకచోట ఆగి, "ఇదిగో, చిన్న బుడగ. ఇదే అయ్యుంటుంది" అన్నారు. సూది జాకెట్టు కుట్టే సూది కంటే సన్నం. దిగినప్పుడు చీమ కుట్టినట్టే ఉంది. తర్వాత అటూ ఇటూ ఆడించి లాగినప్పుడు మాత్రం, ఎవరో చేతిసంచీ కెలికినట్టు లోపల కెలుకుతున్నారనిపించింది. గొట్టంలోకి లేత పసుపు నీళ్లొచ్చాయి. ఆవిడ ఆ చుక్కని పలక మీద వేసి, ఇంకో పలకతో ఒక్క లాగు లాగి పరిచి, స్పిరిట్‌లో ముంచారు. ఆ చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. ఆవిడ మొహంలో వెలుగు చూస్తే ఇరవై మూడేళ్లు వెనక్కి పోయినట్టుంది.

"బుడగ మాయమైపోయింది. నీళ్లేనమ్మా. మంచి గుర్తు."

బల్లకట్టు మీద తిరిగొస్తూ ఆవిడంటే నాకు ఎంత ప్రేమ కలిగిందో రాయడానికి ఈ పుస్తకం చాలదు. ఇవాళ కృతజ్ఞత అన్న మాట నిజంగానే రాస్తున్నాను. ఆశ కూడా. ధైర్యం అలవాటుగా.

పచ్చ, మొదటి రోజు

పలక చదివారు. చెడు ఏమీ లేదు. తలుపు మీద దీపం పచ్చగా మారింది. కొండబాబు వాకిట్లో నిలబడి దాన్ని గంటసేపు చూశాడు. ఓడ వెళ్లడానికి ఇంకా పదకొండు రోజులుంది, ఇక ఆ ఓడతో నాకు పని లేదు.

దమయంతి వచ్చి, "నే ముందే అనుకున్నా వదినా, నీకేం ఉండదని" అంది. ముందనుకున్నదీ, పిన్నత్తగారిని తలుచుకున్నదీ ఒకే నోరు.

పచ్చ వస్తే ఊరట పుస్తకం మూసెయ్యాలి. నాకు మాత్రం రాయడం అలవాటైంది. నక్షత్రాలు లేకుండా, ఆ మూడు మాటలు లేకుండా, నా కోసం రాసుకుంటాను.

పచ్చ, నాలుగో రోజు

ఇవాళ బడి పెద్దమాస్టారు గారింట్లో అద్దానికి పూత వేశాను. పూత ఆరాక సరిచూడ్డానికి నా దగ్గర రబ్బరు బొమ్మ ఒకటి ఉంటుంది, నడుము పైభాగం మాత్రమే. అత్తద్దం ముందు నిలబడుతుంది కాబట్టి దానికి కోడలు అని పేరు పెట్టుకున్నాను. దాని ఎడమ పక్క లోపల పూస పెట్టి అద్దం ముందు నిలబెట్టాలి. అద్దం కాగితం అచ్చేస్తుంది, బొమ్మది కాబట్టి సీలు వెయ్యదు. చుక్క సరైన చోట పడితే సంతకం పెట్టి వచ్చేయడమే.

కాగితం వచ్చింది. చుక్క కాగితానికి ఎడమ పక్కన ఉంది. సరిగ్గా ఉంది. సంతకం పెట్టడానికి కలం తీశాను. అక్కడే ఆగిపోయాను.

అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యెత్తితే, అద్దంలోనూ మన ఎడమ పక్కనున్న చెయ్యే లేస్తుంది. అత్తద్దం అచ్చేసే కాగితం కూడా అంతే. చుక్క కాగితానికి ఎడమ పక్కనుంటే మనిషికీ ఎడమ పక్కే. తెప్ప మీద పుట్టిన అయిదేళ్ల పిల్లయినా, చేతికిస్తే, కాగితాన్ని మొహం ముందు పెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టే చదువుతుంది. వేరేలా చదవవచ్చని ఇక్కడెవరికీ తోచదు. అందుకే కాగితం మీద ఎడమ, కుడి అని రాయాలని కూడా ఏ మహానుభావుడికీ తట్టలేదు.

సుభద్రాయమ్మగారు అద్దాలొచ్చే నాటికే ఇంటికి వెళ్లిపోయారు. ఆవిడ దాన్ని ఎదురుగా కూర్చున్న మనిషి బొమ్మలా చదివారు. ఎడమని కుడి అనుకున్నారు. నా కుడి పక్కన, ఏ ఆడదానికైనా ఉండే నీటిబుడగ ఒకటి దొరికింది. దాన్ని పిండి, కడిగిన ముత్యమని తేల్చారు.

అసలుది ఎడమ పక్కన హాయిగా కూర్చుని ఉంది.

ఆవిడ నాకు వినబడేలానే చెప్పారు. అంటే నీకు కుడి, అన్నారు. ఇరవై రెండేళ్లుగా రోజూ ఇదే కాగితం చూసే మెకానిక్‌ని, తల ఊపాను. మాస్టారి భార్య వచ్చి, "ఏమ్మా, కళ్లు తిరిగాయా?" అని అడిగేదాకా ఆ తడినేల మీద కూర్చున్న సంగతే నాకు తెలియలేదు.

పచ్చ, అయిదో రోజు

పొద్దున్నే మూడో తెప్పకి బల్లకట్టు ఎక్కాను. సుభద్రాయమ్మగారికి ఒక కాగితం మీద బొమ్మ గీసి, చుక్క పెట్టి, పక్కన చేతి అద్దం పట్టుకుని చూపించాను. ఆవిడ రెండింటినీ చాలాసేపు చూశారు.

"ఎంతమందికి వేశానే నేను," అన్నారు మెల్లగా, "ఆ రోజుల్లో. ఒక్కసారి కూడా పక్క తప్పలేదు."

"నేను పట్టుకోవాల్సింది కదండీ. నా పనే అది."

"నీ పని కాదు. పడుకున్న మనిషి పని కాదమ్మా అది." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎల్లుండి రమ్మంటారేమో అనుకున్నాను. "పడుకో" అన్నారు.

ఈసారి ఎడమ పక్క. స్కాన్ పలక చాలాసేపు తిరిగింది. ఒక మూల చిన్నది, గింజంత, అంచులు గజిబిజిగా ఉన్నది కనబడింది. ఇది బుడగ కాదని నాకు కూడా అర్థమైంది. సూది దిగింది. లోపల అటూ ఇటూ ఆడుతుంటే ఆవిడ చెయ్యి ఒక్క క్షణం నిలిచిపోయింది. మళ్లీ ఆడింది. ఇసుకలో గీసినట్టు సన్నగా గరగరమన్నది నాకు కూడా తెలిసింది.

"ఏం తగిలిందండీ?"

"చెయ్యి చెప్పేది పైకి చెప్పకూడదు. పలక చెబుతుంది."

"మీ చెయ్యి ఏం చెప్పింది?"

ఆవిడ పలక పరిచి, స్పిరిట్‌లో ముంచి, మూత పెట్టి, నా జాకెట్టు హుక్కులు తనే పెట్టారు. చివరి హుక్కు పెడుతూ అడిగారు, "ఓడ ఎప్పుడన్నావ్?"

పచ్చ, ఆరో రోజు

ఓడకి ఇంకా ఆరు రోజులు. పలక చదవడానికి నాలుగు.

ఫణీంద్ర పలకని యంత్రంలో పెట్టాడు. యంత్రం దాన్ని మర్యాదగా బయటికి తోసేసింది.

"మీ కేసు పచ్చతో మూసేశారు కదండీ మేడమ్. మూసిన కేసుకి పలక పట్టదండి."

"తెరువు మరి."

"పచ్చ నుంచి వెనక్కెళ్లే బటన్ లేదండి. ఎవరూ అడగలేదండి ఇంతవరకూ."

వైద్యశాస్త్ర చరిత్రలో నాకు జబ్బు ఉందని ఒప్పుకోండి బాబూ అని బతిమాలిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. బొమ్మని తప్పు పక్క చదివారని చెప్పాను. దానికి అర్జీ ఉందా అన్నాను. అతను వెతికాడు. సూది వేసిన మనిషి పొరబాటుకి అర్జీ లేదు, ఎందుకంటే మనుషులు సూది వేస్తారని ఎవరూ అనుకోలేదు. కాగితం గందరగోళంగా ఉందని చెప్పడానికి అర్జీ లేదు, ఎందుకంటే కాగితం సర్కారుది. నేను బల్ల మీద తల ఆనించాను.

కాసేపటికి ఫణీంద్ర అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. ఇస్త్రీ చొక్కా లోపల మనిషి ఉన్నాడని అప్పుడే తెలిసింది.

"నేనేం చెప్పలేదండి మేడమ్. కానీ అద్దం చెడిపోయిందని మెకానిక్ రాసిత్తే, ఆ అద్దం కాగితం చూసి తేల్చిన ఫలితాలన్నీ రద్దయిపోతాయండి. కేసు మళ్లీ పసుపుకొచ్చేత్తదండి."

"మా అద్దం చెడిపోలేదు."

"తెలుసండి."

"మా అద్దానికి మెకానిక్‌ని నేనే."

"అదీ తెలుసండి." ఫారం నా ముందు పెట్టాడు. దర్పణ దోష నివేదిక. దోషానికి కారణం అన్న చోట రెండే గడులు. ఒకటి, సర్కారు ఇచ్చిన సామాను లోపం. ఆ గడిలో గుర్తు పెట్టడానికి వీల్లేకుండా ముందే అడ్డగీత కొట్టి ఉంది. రెండు, మెకానిక్ నిర్లక్ష్యం. శిక్ష కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాది పాటు పని చెయ్యకూడదు, నోటీసు బోర్డు మీద ఫోటో.

ఈ మొత్తం వ్యవహారంలో తన పని తాను సరిగ్గా చేసింది ఒక్క మా అత్తద్దమే. పోయిన నెల దాన్ని సరిగ్గా చేసింది నేను. ఆ రెండూ తప్పని రాసిస్తేనే నిజం తేల్చుకోనిస్తారు.

ఫారం ఇంటికి తీసుకెళ్లి కొండబాబుకి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

"ఇరవై రెండేళ్లలో నీ మీద ఒక్క మచ్చ లేదు కదే."

"లేదు."

"పెట్టెయ్ సంతకం. ఏడాది నాతోపాటు డ్రమ్ములు తోముదువు గాని." అని నా చేతికి కలం ఇచ్చాడు. ఇచ్చాక నా ఎడమ చెయ్యి అందుకున్నాడు. దాన్ని వదలకుండా కూర్చున్నాడు, నేను కుడి చేత్తో రాశాను. మెకానిక్ పేరు, పుష్కరిణి. కారణం, నిర్లక్ష్యం.

మళ్లీ పసుపు, మొదటి రోజు

పలకని యంత్రం తీసుకుంది. నోటీసు బోర్డు మీద నా ఫోటో పెట్టారు. ఫోటోలో నవ్వుతున్నాను, అది వాళ్ల దగ్గరున్న పాత ఉత్తమ మెకానిక్ ఫోటో. మార్చడానికి వేరేది లేదట.

గిన్నెలు మళ్లీ వచ్చాయి. ఈసారి తక్కువ. నిర్లక్ష్యపు మెకానిక్ వల్ల తమ అద్దాలు కూడా అబద్ధాలాడుతున్నాయేమోనని కొందరు నా మీద కోపంగా ఉన్నారు. ఆ మెకానిక్ వల్ల నాకు కలిగిన ఇబ్బందికి ఇంకొందరు సానుభూతి చూపించారు. ఇద్దరం ఒక్కరమేనని గుర్తు చెయ్యలేదు. నక్షత్రాల కోసం, ఆశ, ధైర్యం, కృతజ్ఞత.

ఎరుపు, మొదటి రోజు

మధ్యాహ్నం వచ్చింది. నేను గుమ్మంలోనే కూర్చున్నాను కాబట్టి దీపం మారడం నా కళ్లతో చూశాను. ఎరుపు. చిన్నదే, మొదట్లోనే దొరికింది, తీసేస్తే సరిపోయే అవకాశం చాలా ఎక్కువ అని కింద రాసి ఉంది. ఓడ రేపు మధ్యాహ్నం.

దీని కోసం నేను కాళ్లు పట్టుకుని, అబద్ధాలు రాసి, పరువు పోగొట్టుకున్నాను. ఎరుపు కావాలని పోట్లాడినంతసేపూ నాలో ఒక మూల, రాదులే అన్న నమ్మకం నక్కి కూర్చుందని ఇప్పుడు తెలిసింది. కొండబాబు నా పక్కన కూలబడ్డాడు. నీకేం కాదే అనలేదు. అననందుకు బాగా ఏడ్చాను.

ఎరుపు వస్తే ఆచారం ఏమీ లేదు. ఏం తేవాలో ఎవరూ నిర్ణయించలేదు. అందుకని జనం గుమ్మం ముందు నుంచి తల వంచుకుని వెళ్లిపోతారు. దమయంతి ఒక్కతే వచ్చింది, వట్టి చేతులతో.

"ఏం తేవాలో తెలీలేదు వదినా."

"కూచో."

కూర్చుంది. సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెని ఎరిగిన వాళ్లకే దాని విలువ తెలుస్తుంది. వెళ్లేముందు నా పెట్టె సర్దిపెట్టింది.

ఎరుపు, రెండో రోజు

ఓడ మీద ఉన్నాను. పెద్ద తెప్ప రేవుకి సుభద్రాయమ్మగారు రెండు బల్లకట్లు మారి వచ్చారు. "వెళ్లిరా" అని చెప్పడానికి కాదు. ఓడ వాళ్లని నిలబెట్టి, కాగితం ఎటు పక్క నుంచి చదవాలో, నేను ఎక్కేదాకా ముగ్గురికి మూడుసార్లు చెప్పారు. నేనే వంగి కాళ్లకి దండం పెడితే, నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఓడ డాక్టరు చిన్నపిల్ల. కోసేది రేపు పొద్దున. తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. బల్ల మీద నా కవరు, కాగితం, పలకల నివేదిక ఉన్నాయి. నేను గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను.

"ముందు ఆ కాగితం ఎలా పట్టుకోవాలో నేను చూపిస్తానమ్మా. అది అద్దంలో లాగా..."

ఆమె కాగితాన్ని తీసి బల్ల సొరుగులో పెట్టేసింది.

"కాగితం సంగతి నేను చూసుకుంటానండి. మీరు చెయ్యి పెట్టి చూపించండి. ఎక్కడ?"

ఈ ఇరవై నాలుగు రోజుల్లో నన్ను అద్దం చూసింది, కవరు చూసింది, యంత్రం చూసింది, చేపల పలక చూసింది. ఎక్కడో నువ్వు చెప్పు అని ఒక్కరూ అడగలేదు. నా ఒంటి సంగతి నాకు చెప్పకూడదని ముద్రలు వేసుకుని తిరిగారు. నేనూ అది సబబే అనుకుని తల ఊపాను.

ఎడమ పక్కన, సూది మచ్చ మీద చెయ్యి పెట్టాను.

"అక్కడే ఉంచండి," అంది డాక్టరు. నల్ల సిరా కలం తీసి, మెల్లగా నా వేళ్ల చుట్టూ గీత గీసింది. చల్లగా తగిలింది. "రేపు నేను దీన్ని చూసే కోస్తాను."

చెయ్యి తీశాక వంగి చూసుకున్నాను. నల్ల గీతల్లో అయిదు వేళ్లూ ఉన్నాయి.